సీటొక్కటే చాలదు, రచ్చబండ మీద చోటు కావాలి

ఊళ్ళోకి రానివ్వడం వేరు, రచ్చబండ మీద కూచోనివ్వడం వేరు. ఈ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాట్లకి పిలుస్తారు, చావుకి డప్పు కొట్టడానికి పిలుస్తారు, ఓట్ల రోజున ఆటో పంపించి మరీ పిలుస్తారు. కాని నీళ్ళ వంతు ఎవరిది, చెరువు పాట ఎవరికి, బంజరు ఎవరి పేరున ఎక్కాలి అన్నది తేలేది రచ్చబండ మీద. అక్కడ మన తాతలు దూరంగా నిలబడే తీర్పు విన్నారు.

పెద్ద చదువుల బళ్ళలోనూ అలాంటి రచ్చబండ ఒకటుంది. దాన్ని క్లబ్బు అంటారు, సొసైటీ అంటారు. క్లబ్బంటే మన టౌన్లలో ఆసాములు పేకాడుకునే చోటని మనకి గుర్తు. బిజినెస్ స్కూల్లో క్లబ్బు పని వేరు. అక్కడ ఉద్యోగాల కబుర్లు, పరిచయాలు, పెట్టుబడులు చేతులు మారతాయి. ఈ పక్షం ఆ సంగతే రాస్తున్నాం. ఎందుకంటే మన వాడల పిల్లలు ఎంబీఏ దాకా పోతున్నారు. సీటు రాగానే ఇంటిల్లిపాదీ గెలిచామనుకుంటున్నారు. అది సగం గెలుపే. మిగతా సగం ఎక్కడుందో, దాన్ని ఎవరు ఎలా గెలుచుకున్నారో తెలుసుకోవాలి.

బిజినెస్ స్కూళ్ళన్నిటికీ పెద్దన్న అనిపించుకున్నది అమెరికాలో బోస్టన్ పట్నంలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలు. 1908లో పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీలు నడిపేవాళ్ళు, బ్యాంకులు నడిపేవాళ్ళు అక్కడ తయారవుతారు. చదువు రెండేళ్ళు. మొదటి ఏడాది పిల్లల్ని పది సెక్షన్లు చేస్తారు, సెక్షన్‌కి సుమారు 90 మంది. పాఠం కేసు పద్ధతిలో నడుస్తుంది. కేసంటే పోలీసు కేసు కాదు. ఒక కంపెనీకి వచ్చిన చిక్కుని కాయితం మీద రాసిచ్చి, యజమానివి నువ్వే అయితే ఏం చేస్తావో చెప్పమంటారు. తొంభై మంది ముందు నోరు తెరిచి చెప్పాలి. మార్కుల్లో దాదాపు సగం ఆ మాట్లాడినదానికే. తాతల నాటినుంచి పదిమందిలో గొంతెత్తే అలవాటున్న ఇంటి పిల్లాడికి అది ఆట. తల దించుకుని మాట్లాడమని నేర్పిన లోకం నుంచి వచ్చిన పిల్లకి అది యుద్ధం.

ఇక క్లబ్బులు. ఫైనాన్స్ క్లబ్బు, కన్సల్టింగ్ క్లబ్బు, టెక్నాలజీ క్లబ్బు, ఒక్కో దేశం వాళ్ళకి ఒక్కో క్లబ్బు, ఆటలకి, పాటలకి, ఇలా ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. నడిపేది విద్యార్థులే. పైకి చూస్తే సరదా. లోపల జరిగేది వేరు. క్లబ్బు పెట్టే సభలకి కంపెనీలు డబ్బిస్తాయి, తమ మనుషుల్ని పంపిస్తాయి. క్లబ్బు పిల్లలు గుంపుగా కంపెనీలకి పోయి పెద్దవాళ్ళని కలిసొస్తారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఎలా కూచోవాలో, జీతం ఎంత అడగాలో సీనియర్లు జూనియర్లకి రాత్రుళ్ళు కూచోబెట్టి నేర్పుతారు. పాఠం అందరికీ ఒక్కటే, కబురు మాత్రం అందరికీ అందదు.

పేరూ బోర్డూ లేని క్లబ్బులు కూడా ఉంటాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో సెక్షన్లు ‘ఎ’ నుంచి ‘జె’ దాకానే. కాని ‘సెక్షన్ ఎక్స్’ అని ఒకటి నడుస్తోందని 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. బాగా డబ్బున్న కుటుంబాల పిల్లలు, ఎక్కువమంది మగపిల్లలు, తమలో తాము కలిసి చేసుకునే విందులు, విహారాల గుంపు అది. ఏ రూల్ బుక్కులోనూ లేదు, ఏ అప్లికేషనూ లేదు. రూలు లేకుండానే ఎవరు లోపలో ఎవరు బయటో అందరికీ తెలుసు. ఇది మనకి కొత్తా? మన ఊళ్ళో టీకొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతికి జీవో ఎవరిచ్చారు?

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 1967లో ఆ బడిలో కొత్తగా చేరిన ఏడెనిమిది వందల మందిలో నల్లవాళ్ళు ఎందరో తెలుసా? ఆరుగురు. ఐదుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. అమెరికాలో పౌరహక్కుల చట్టం 1964లోనే వచ్చింది. నల్లవాళ్ళు రావద్దని గేటు దగ్గర రాసిపెట్టలేదు. అయినా ఆరుగురే. చట్టం తలుపు మీద తాళం తీసింది, లోపలినుంచి గడియ అలాగే ఉంది.

ఆ ఆడపిల్ల పేరు లిలియన్ లింకన్. వర్జీనియా రాష్ట్రంలో ఒక పల్లెటూరు. తిండిగింజలకి సరిపడా పండించుకునే చిన్న కమతం ఇంట్లో పుట్టింది. ఇస్కూలు చదువు అయ్యాక న్యూయార్క్ పోయి ఇళ్ళల్లో పనిమనిషిగా చేసింది. తర్వాత వాషింగ్టన్‌లో నల్లవాళ్ళ విశ్వవిద్యాలయం హోవర్డ్‌లో చేరింది. అక్కడ నేలర్ ఫిట్జ్‌హ్యూ అనే మాస్టారు ఆమెని హార్వర్డ్‌కి పంపించారు. ఈ మాస్టారి సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఆయన కూడా నల్లవాడే. 1933లోనే హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చేశాడు. అంత పెద్ద డిగ్రీ చేతిలో పెట్టుకుని తిరిగితే తెల్లోళ్ళ కంపెనీ ఒక్కటీ తీసుకోలేదు. పోయి హోవర్డ్‌లో మాస్టారు అయ్యాడు. ముప్పై ఏళ్ళకి పైగా అక్కడ పాఠం చెప్పి, 1965లో పెప్సీ కంపెనీకి పోయాడు. తనకి మూసిన తలుపు దగ్గరికే తన శిష్యుల్ని తీసుకుపోయి నిలబెట్టాడు. సీటు ఉండి సంఘం లేకపోతే ఏమవుతుందో ఆయన బతుకే సాక్ష్యం. ఒంటరిగా పోయిన మనిషికి డిగ్రీ ఇస్తారు, దారి ఇవ్వరు.

1968 వచ్చింది. ఆ ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అమెరికా పట్నాలు తగలబడ్డాయి. ఆ ఏడాదే లిలియన్ లింకన్, మరో నలుగురు నల్ల విద్యార్థులు కలిసి ఒక సంఘం పెట్టారు. ఆఫ్రికన్ అమెరికన్ స్టూడెంట్ యూనియన్. బడిలో పదుల కొద్దీ క్లబ్బులున్నాయి, ఇంకొకటి చేరింది అనుకోవచ్చు. కాని ఆ ఐదుగురూ తమ కోసం విందులూ వినోదాలూ అడగలేదు. బడి పెద్ద అయిన డీన్ జార్జ్ బేకర్ దగ్గరికి పోయారు. నల్లవాళ్ళు ఇంత తక్కువ ఎందుకున్నారు అని అడిగారు. వెతికి చేర్చుకోండి, చదువుకి డబ్బు సాయం చూపించండి అన్నారు. అర్హులు దొరకడం లేదు అనే పాత పాట వాళ్ళు ఒప్పుకోలేదు. నల్లవాళ్ళ కాలేజీలకి తామే పోయి, ఇలాంటి బడి ఒకటుంది, రండి అని పిల్లల్ని పిలిచారు.

మరుసటి తరగతిలో చేరిన నల్ల విద్యార్థులు 27 మంది. ఆరు నుంచి ఇరవై ఏడు! ఒక్క ఏడాదిలో నల్లవాళ్ళ తెలివి నాలుగింతలు పెరిగిందా? ప్రతిభ ఏమీ మారలేదు. పిలిచేవాళ్ళు మారారు, అంతే. ప్రతిభ ప్రతిభ అని మన మీద అరిచేవాళ్ళకి ఈ లెక్క ఒక్కటి చాలు.

లిలియన్ లింకన్ 1969లో పట్టా తీసుకుంది. ఆ బడిలో ఎంబీఏ పొందిన మొదటి నల్ల స్త్రీ ఆమె. 1976లో తన ఇంటి గ్యారేజీలో ఒక కంపెనీ మొదలుపెట్టింది. బిల్డింగులు శుభ్రం చేసే కంపెనీ. వెయ్యి మందికి పైగా పనిచేసే దాకా దాన్ని పెంచి 2001లో అమ్మింది. ఇది ఆలోచించండి. ఒకప్పుడు ఇంకొకరి ఇల్లు ఊడ్చిన మనిషే, ఊడ్చే పనిని కంపెనీగా మార్చి యజమాని అయింది. మన దేశంలో ఊడ్పు, ఎత్తిపోత మనవాళ్ళ మెడకి కట్టిన కులపు పని. మున్సిపాలిటీలలో ఇప్పుడు ఆ పని కాంట్రాక్టులకి పోయింది. చీపురు పట్టేది మనవాళ్ళు. మరి కాంట్రాక్టు ఎవరి పేరున ఉంది?

ఆ సంఘం యాభై ఏళ్ళు దాటి ఇప్పటికీ నడుస్తోంది. ఏటా జరిపే సభకి ఫిట్జ్‌హ్యూ మాస్టారి పేరు పెట్టుకున్నారు. అలాగని అంతా సుఖాంతం అని రాస్తే అది అబద్ధం. 27తో మొదలైన ఊపు ఎన్నాళ్ళో నిలవలేదు. చాలా ఏళ్ళుగా ఆ బడిలో నల్లవాళ్ళు నూటికి ఐదుగురి దగ్గరే ఆగిపోయారు. స్టీవెన్ రోజర్స్ అనే నల్ల అధ్యాపకుడు, కేసుల్లో యజమాని ఎప్పుడూ తెల్లవాడేనా అని అడిగి, 2017లో నల్ల వ్యాపారుల మీద కోర్సు పెట్టాడు. 2019లో బడి విడిచి వెళ్ళిపోయాడు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మోకాలితో మెడ నొక్కి చంపాక, అప్పటి డీన్ నితిన్ నోరియా, మన దేశం నుంచి పోయినాయనే, జాత్యహంకారం మీద గట్టిగా పోరాడలేకపోయామని బడి తరఫున క్షమాపణ చెప్పాడు. సంఘం పెట్టిన 52 ఏళ్ళకి వచ్చిన క్షమాపణ అది. ఆ తర్వాత 2023 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు, చేర్చుకునేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో ఒక ప్రతివాది హార్వర్డే.

కోర్టు ఇచ్చిందాన్ని కోర్టు తీసేస్తుంది. డీన్ ఇచ్చిందాన్ని ఇంకో డీన్ తీసేస్తాడు. మనుషులు కట్టుకున్న సంఘం మాత్రం ఆ మనుషులు విడిచేదాకా ఉంటుంది. హార్వర్డ్ కథలో మనం పట్టుకోవాల్సింది ఇదే.

బోస్టన్ కథ మనకెందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, నల్లవాళ్ళతో మన బంధం ఈనాటిది కాదు. అంబేద్కర్ 1946లోనే నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరే తీసుకున్నారు. రెండోది, మన దేశంలో పెద్ద బిజినెస్ స్కూలు అయిన అహ్మదాబాద్ ఐఐఎం 1961లో పుట్టింది హార్వర్డ్ బిజినెస్ స్కూలు సాయంతోనే. కేసు పద్ధతి అక్కడినుంచి దిగింది. బడిని తెచ్చుకున్న దొరలు, ఆ బడిలో ఐదుగురు పిల్లలు చేసిన పోరాటం సంగతి మాత్రం మన చెవిన వెయ్యలేదు.

మన దగ్గర లెక్క ఎలా ఉంది? ఐఐఎంలు కేంద్ర ప్రభుత్వ సంస్థలు. ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి ఏడున్నర, బీసీలకి 27 శాతం సీట్లు ఇవ్వాలని 2006 చట్టం చెప్తోంది. దాని మీద పైకులాల పిల్లలు చీపుర్లు పట్టుకుని, బూట్లు తుడిచి నిరసన చేశారు. మన పనిని వెక్కిరింపుగా చూపించారు. 2008లో సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. విశాఖపట్నంలో 2015లో ఐఐఎం వచ్చింది, కాబట్టి ఇది మన గడపలో సంగతే. హైదరాబాద్‌లో 2001లో తెరిచిన ఐఎస్‌బి వేరు. ప్రభుత్వం ఇచ్చిన భూమిలో లేచిన బడే అయినా అది ప్రైవేటు, అక్కడ రిజర్వేషన్ లేదు. ప్రైవేటు బళ్ళలోనూ రిజర్వేషన్ పెట్టుకోవచ్చని రాజ్యాంగాన్ని సవరించి ఏళ్ళు గడిచాయి, కేంద్రం మాత్రం చట్టం చెయ్యలేదు.

అయితే రిజర్వేషన్ ఉన్న బడిలోనైనా అది సీటు దగ్గరే ఆగుతుంది. చేరిన మొదటి వారాల్లోనే సీనియర్లు క్లబ్బులకి అప్లికేషన్లు తీసుకుంటారు, ఇంటర్వ్యూలు చేస్తారు. కొత్త పిల్లకి హాస్టల్ రూము తాళం సరిగ్గా పడకముందే క్లబ్బు తలుపు పడిపోతుంది. కంపెనీలతో మాట్లాడే ప్లేస్‌మెంట్ కమిటీ చాలా చోట్ల విద్యార్థులదే. ఉద్యోగానికి ఇచ్చే కాయితంలో ఏ క్లబ్బులో ఏ పదవి చేశావు అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే కంపెనీ పిలుపు తగ్గుతుంది. ఇంకోటి, ఎంట్రన్స్‌లో నీకెంత వచ్చింది అని పలకరింపులా అడుగుతారు. పెద్ద చదువుల బళ్ళలో కులం అడగడానికి అది మర్యాద పేరు. ఇంగ్లీషు యాస, వేసుకున్న బూట్లు, నాన్న ఏం చేస్తారు అన్న ప్రశ్న, ఇవన్నీ రచ్చబండ మెట్లే. ఎవరూ పొమ్మనరు. రమ్మని కూడా అనరు.

ఇక మన పల్లెల పిల్లలు ఎక్కువమంది చదివేది ఐఐఎంలో కాదు. ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద జిల్లా టౌన్‌లోని ఎంబీఏ కాలేజీలో చేరతారు. అలాంటి కాలేజీలు చాలావాటిలో క్లబ్బు అనేది బ్రోచర్‌లో బొమ్మే. కంపెనీ రాదు, సీనియర్ దొరకడు. డిగ్రీ వస్తుంది, ఇంటికొచ్చాక మళ్ళీ కూలికో, ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ళకో పోవాలి. అక్కడ అన్యాయం ఇంకా లోతుగా ఉంది. వాళ్ళకి రచ్చబండే లేదు.

కొందరు మిత్రులు అడుగుతారు. భూమి సమస్య ఉంది, కూలి రేట్లున్నాయి, దాడులున్నాయి. ఇవన్నీ విడిచి షావుకార్ల బడి సంగతి ఎందుకయ్యా అని. ఆ ప్రశ్న తీసెయ్యదగ్గది కాదు. కాని ఒకటి చూడండి. విత్తనం రేటు, పురుగుమందు రేటు, బ్యాంకు ఎవరికి అప్పివ్వాలి, ఎవరి అసైన్డ్ భూమిలో ఫ్యాక్టరీ లేవాలి, వీటిని తేల్చే బల్లల చుట్టూ కూచునేవాళ్ళలో ఈ బళ్ళలో చదివినవాళ్ళు చాలామంది. ఆ బల్ల దగ్గర మనవాడు లేకుండానే మన భూమి సంగతి తేలిపోతోంది. బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో చదివింది అర్థశాస్త్రమే. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిన మనిషి ఆయన. డబ్బు లెక్క మనకి పరాయిది అని ఆయనెప్పుడూ అనుకోలేదు.

ఇంకో భయం కూడా ఉంది. పైకి పోయినవాడు మనల్ని మర్చిపోతాడని. నిజమే, మర్చిపోయినవాళ్ళని చూశాం. అందుకే సంఘం కావాలి అంటున్నాం. ఒంటరిగా ఎక్కినవాడు పేరు మార్చుకుని, ఇంటిపేరు దాచుకుని బతకాల్సి వస్తుంది. నలుగురితో ఎక్కినవాడికి దాచుకోవాల్సిన పని ఉండదు.

సంఘం పెడితే ఊరికే ఊరుకుంటారా? ఊరుకోరు. ఐఐటీ మద్రాసులో 2014లో పెట్టిన అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్‌ని ఒక ఊరూపేరూ లేని ఫిర్యాదు పట్టుకుని 2015 మేలో గుర్తింపు రద్దు చేశారు. దేశమంతా గోల చేశాక జూన్‌లో మళ్ళీ ఇచ్చారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993 నుంచి ఉంది. ఆ సంఘంలో పనిచేసిన రోహిత్ వేముల 2016 జనవరిలో మనకి దూరమయ్యాడు. హాస్టల్ నుంచి వెలివేస్తే ఆ పిల్లలు క్యాంపస్‌లో వెలివాడ కట్టుకుని కూచున్నారు. పాటలూ ఆటలూ ఆడే క్లబ్బుల జోలికి ఎవరూ పోరు. ఎందుకింతమందే ఉన్నాం అని అడిగే క్లబ్బుని చూస్తేనే గుండెల్లో రాయి పడుతుంది.

అందుకని పనిచేసేవాళ్ళకి నాలుగు మాటలు.

ఒకటి. వాడలో డిగ్రీ ఆఖరి ఏడాది చదివే పిల్లల పేర్లు రాసుకోండి. ఐఐఎంలకి క్యాట్ అనే పరీక్ష ఉంటుందని, ఏ డిగ్రీ అయినా సరిపోతుందని, ఎస్సీ ఎస్టీలకి డిగ్రీలో 45 శాతం మార్కులు చాలని, పరీక్ష ఫీజు సగమేనని చెప్పండి. ఈ కబురు అందకే ఎన్నో సీట్లు మన వాడ దాకా రావడంలేదు. ఐదుగురు విద్యార్థులు కాలేజీల వెంట తిరిగి చేసిన పని ఇదే.

రెండు. పెద్ద బళ్ళలో చదువుతున్న మన పిల్లలు, సంఘం ఉంటే చేరండి, లేకపోతే పెట్టండి. ముగ్గురున్నా సరే. కొత్తగా వచ్చే పిల్లని మొదటి రోజునే రైల్వే స్టేషన్‌లో కలవండి. క్లబ్బు అప్లికేషన్ ఎలా నింపాలో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, కేసు మీద ఎలా మాట్లాడాలో రాత్రి కూచోబెట్టి చెప్పండి. ఫైనాన్స్ క్లబ్బూ మనదే, కన్సల్టింగ్ క్లబ్బూ మనదే. మన సంఘంలో ఉంటూనే ఆ క్లబ్బుల్లోకీ పోవాలి.

మూడు. ప్లేస్‌మెంట్ కమిటీలలో, క్లబ్బుల పదవుల్లో ఏ వర్గం వాళ్ళు ఎందరున్నారో ఏటా లెక్క చెప్పమని ప్రభుత్వ బళ్ళని అడగాలి. సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. సీటుకి లెక్కుంటే పదవికి ఎందుకుండదు?

నాలుగు. జిల్లా టౌన్ల ఎంబీఏ కాలేజీల్లో మన పిల్లలు తామే వారానికో రోజు కూచోండి. ఉద్యోగంలో ఉన్న మన అన్నల్ని, అక్కల్ని పిలిపించండి. దానికి కాలేజీ పర్మిషన్ దొరక్కపోతే అంబేద్కర్ భవనం ఉంది, వాడలో చర్చి వరండా ఉంది.

ఏటా ఏప్రిల్ 14న దండేసి ఫోటో దిగితే అది సంఘం అయిపోదు. సంఘానికి కొలత ఒకటే. నీ తర్వాత ఎందర్ని తెచ్చావు? హార్వర్డ్‌లో ఆ ఐదుగురు తమ ఉద్యోగం చూసుకుని పోయి ఉంటే వాళ్ళకేం లోటు జరిగేది కాదు. పోకుండా ఆగి వెనక్కి తిరిగి చూశారు కాబట్టి మరుసటి ఏడు ఇరవై ఏడుగురు గేటు లోపలికి నడిచారు.

సీటు మన హక్కు, పోరాడి తెచ్చుకున్నాం. రచ్చబండ మీద చోటు ఎవరూ రాసివ్వరు. పదిమంది కలిసి పోయి కూచుంటేనే అది మనదవుతుంది.

జై భీమ్!